పేపరమ్మకి రంగు అక్కర్లేదు

ఇరవై అయిదేళ్ళప్పుడు నా దగ్గర ఇంకేం ఉన్నా లేకపోయినా కోపం మాత్రం పుష్కలంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది, అంత కోపాన్ని అంత సన్నటి ఒంట్లో ఎక్కడ పెట్టుకుని తిరిగేదాన్నో అని. కాఫీ షాపులో కప్పు మీద నా పేరు తప్పు రాస్తే కోపం. ఆఫీసులో ఎవరైనా 'నీ ఇంగ్లిష్ ఎంత బావుందో' అని మెచ్చుకుంటే కోపం, మెచ్చుకోకపోతే ఇంకా కోపం. కాకపోతే ఆ కోపానికి ఒక మంచి గుణం ఉండేది. అది ఎప్పుడూ గడప దాటి బయటికొచ్చేది కాదు. లోపలే ఉడికి లోపలే చల్లారిపోయేది. పైకి మాత్రం 'పర్లేదండీ', 'అయ్యో, దానిదేముందండీ' అంటూ నవ్వేదాన్ని. (మా అమ్మ ఖమ్మంలో చుట్టాలందరికీ నేనెంత నెమ్మదస్తురాలినో చెప్పుకుని మురిసిపోయేది, పాపం.) అలాంటి నేను ఒకసారి కోపాన్ని నలుగురిలో బయటపెట్టబోయి ఎంత నవ్వులపాలయ్యానో, అంతకంటే ముఖ్యంగా, కోపం రావాల్సిన చోట రాక ఒక పన్నెండేళ్ళ పిల్ల ముందు ఎలా తల దించుకున్నానో చెప్తాను.

అప్పటికి నా మాస్టర్స్ అయిపోయి ఉద్యోగంలో చేరి ఏడాది. అమెరికాలో, షాంటిలీ అనే ఊళ్ళో ఒక ఆంటీ గారింట్లో బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని. ఆవిడ మా తెలుగు సంఘానికి సెక్రటరీ, కాబట్టి ఊరందరికీ సెక్రటరీ ఆంటీ. తెనాలి వైపు మనిషి. నేను దగ్గితే మిరియాల పాలు, తుమ్మితే అల్లం కషాయం మెట్ల మీదుగా కిందకి దిగొచ్చేవి. అలా పెట్టే చెయ్యి అడిగితే కాదనడం ఎవరివల్లా కాదు. ఒక రోజు, "నీకు తెలుగు బాగా వచ్చు కదమ్మా, ఆదివారం పొద్దున పిల్లలకి కాస్త పాఠం చెప్పరాదూ?" అంది. అది ప్రశ్న అనుకున్నాను. ఆర్డరు అని ఆ శనివారం సాయంత్రం ఆవిడ చాక్‌పీసుల డబ్బా నా చేతిలో పెట్టాక తెలిసింది. (నిజం ఒప్పుకోవాలంటే, క్లాసయ్యాక తల్లులు తెచ్చే పులిహోర, గుత్తొంకాయ కూర కూడా నా భాషాభిమానాన్ని చాలా పెంచాయి.)

మా క్లాసు కమ్యూనిటీ సెంటర్‌లో ఒక మూల గదిలో. పదకొండు మంది పిల్లలు, అందరూ పదకొండు పన్నెండేళ్ళ వాళ్ళు. అందరికీ తెలుగు అర్థమవుతుంది, ఎవరికీ మాట్లాడబుద్ధి కాదు. వాళ్ళలో ఒక పిల్లకి నేను మనసులో పెట్టుకున్న పేరు వై పాప. ఏం చెప్పినా 'వై?' అనేది. 'ఇల్లు'కి బహువచనం 'ఇళ్ళు' అంటే వై. 'చేయి' కాస్తా 'చేతులు' ఎందుకవుతుంది, వై. ఒక రోజు బోర్డు మీద 'అతను వచ్చాడు, ఆమె వచ్చింది, కుక్క వచ్చింది' అని రాసి వెనక్కి తిరిగేసరికి చెయ్యెత్తి నిలబడి ఉంది.

"టీచర్, ఆమె వచ్చింది, కుక్క వచ్చింది, సేమా?"

"అంటే... వ్యాకరణంలో అలా ఉంటుందమ్మా."

"అతనికి మాత్రం వేరేనా? వై? దట్స్ నాట్ ఫెయిర్ టీచర్."

అంతవరకు ఇరవై అయిదేళ్ళు ఆ భాషే మాట్లాడుతూ, ప్రతి చిన్నదానికీ లోలోపల ఉడికిపోతూ బతికిన నాకు ఆ సంగతి ఒక్కసారైనా తట్టలేదు. "గౌరవంగా అయితే 'ఆవిడ వచ్చారు' అనొచ్చు" అని ఏదో సర్దిచెప్పి, చెయ్యి తుడుచుకుంటూ గబగబా పాఠంలో పడ్డాను.

సంఘం వార్షికోత్సవం రాబోతోంది, ప్రతి క్లాసూ పది నిమిషాల నాటిక వెయ్యాలి అన్నారు. నేను అప్పటికే ఒకటి రాసి పెట్టుకున్నాను. దాని పేరు 'మాతృభాషా విలాపం'. అందులో తెలుగుతల్లి సంకెళ్ళతో వచ్చి ఆరు నిమిషాలు ఏడుస్తుంది. మిగతా నాలుగు నిమిషాలు పిల్లలు సిగ్గుపడతారు. చదివి వినిపించి, చప్పట్ల కోసం ఆగాను. పదకొండు మందీ నన్నే చూశారు. చివరికి వై పాప, "ఆమెను ఎవరు కట్టేశారు టీచర్?" అంది. "మీరే" అన్నాను గంభీరంగా. "మేమేం చేశాం? మేం సండే కూడా వస్తున్నాం కదా!" అంది. నిజంగానే బాధపడింది ఆ పిల్ల.

అప్పుడే అది తన బడిలో రాసిన రిపోర్టు గురించి చెప్పింది. వందేళ్ళ పైమాట, మా పక్క కౌంటీలో ఒక చిన్న ఊళ్ళో ఉన్న నల్లజాతి మహిళ. సొంతంగా న్యూస్‌పేపర్ నడిపిందట. "ఆమె గురించి చేద్దాం టీచర్. మీకు తెలుసు కదా?" అని పేరు చెప్పింది. "ఆఁ, తెలియకపోవడమేం!" అన్నాను. (ఆ పేరు వినడం అదే మొదటిసారి. టీచరన్నాక కొన్ని అబద్ధాలు తప్పవు.) క్లాసులో వీలైనంతవరకు ఇంగ్లిష్ మాట్లాడకూడదని నా రూలు కాబట్టి, న్యూస్‌పేపర్ లేడీని తెలుగులో ఏమనాలో పిల్లలు గుసగుసలాడుకుని తేల్చారు. పేపరమ్మ.

ఆ సాయంత్రం వై పాప రిపోర్టూ, లైబ్రరీ వాళ్ళ పాత కాగితాలూ ముందేసుకుని కూర్చున్నాను. పేపరమ్మ మొదట బడిపంతులమ్మ. నల్లపిల్లల బడికి కప్పు కారుతోంది, చలికాలం పొయ్యి లేదు, తెల్లపిల్లల బడికి మాత్రం అన్నీ ఉన్నాయి అని రాసినందుకు ఉద్యోగం తీసేశారు. సరే అని పాత ప్రింటింగ్ మెషీను ఒకటి కొని, వంటింట్లో పెట్టుకుని, తనే వారం వారం పేపర్ వెయ్యడం మొదలుపెట్టింది. ఒకసారి ఆ ఊళ్ళో ఒక నల్లజాతి కుర్రాణ్ణి విచారణ లేకుండానే జనం ఈడ్చుకెళ్ళి చెట్టుకి ఉరేశారు. మిగతా పేపర్లన్నీ వాడు దుర్మార్గుడని రాశాయి. ఈవిడ ఇల్లిల్లూ తిరిగి అడిగింది. తెల్లవాళ్ళ కొట్టుకి ఎదురుగా కొట్టు పెట్టుకోవడమే ఆ కుర్రాడు చేసిన నేరమని తేలింది. కోర్టులో ఏదో నామమాత్రపు విచారణ జరిగితే ఈవిడని లోపలికి రానివ్వలేదు. బయట కిటికీ కింద ఆపిల్ పళ్ళ పెట్టె వేసుకుని, దానిమీద నిలబడి, లోపల ఎవరు ఏమన్నారో ప్రతి మాటా రాసుకుంది. పేర్లతో సహా అచ్చేసింది. మెషీన్ విరగ్గొట్టారు. ఇల్లు తగలబెట్టారు. వేరే ఊరెళ్ళి మళ్ళీ పేపర్ పెట్టింది.

నేను తింటున్న అన్నం ఎండిపోయింది. నాకు కోపాలు కొత్త కాదని చెప్పాను కదా, కానీ ఇది నాకు అలవాటైన కోపం కాదు. కప్పు మీద పేరు తప్పు రాసినప్పుడు వచ్చే కోపం లాంటిది అసలే కాదు. ఆ చంపినవాళ్ళలో ఒక్కడికీ శిక్ష పడలేదు. వాళ్ళంతా పేరున్న పెద్దమనుషులుగానే పోయారు. ఈవిడ పేరు మాత్రం, ఇక్కడికి ముప్పావుగంట దూరంలో ఏడాదిగా ఉంటున్న నాకు, ఒక ఆరో తరగతి పిల్ల చెప్తే గానీ తెలియలేదు. మనం ఈ దేశానికి తీరిగ్గా వచ్చి, నచ్చిన కొట్టు పెట్టుకుని, నచ్చిన వీధిలో ఇల్లు కొనుక్కుంటున్నామంటే ఆ దారి ఎవరి వీపుల మీదుగా పడిందో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ ఆవేశంలో నాటిక రాసి తీసుకెళ్ళాను. పేపరమ్మ కిటికీ దగ్గర నిలబడి ఇలా అంటుంది: "న్యాయస్థాన ద్వారములు నాకు మూసివేయబడినను, నా కలము మూయబడజాలదు!" వై పాప ఆ వాక్యాన్ని చదవడానికి మూడుసార్లు ప్రయత్నించింది. 'మూసివేయబడినను' దగ్గర ప్రతిసారీ ఆగి ఊపిరి పీల్చుకుంది.

"టీచర్, కలము అంటే?"

"పెన్."

"పెన్ను అనొచ్చు కదా. వై?"

వెనక బెంచీ వాడు అప్పటికే నవ్వలేక కింద కూర్చున్నాడు. నేను కాగితం బల్ల మీద పడేసి, "సరే, మీరే చెప్పండి, ఏమంటుంది?" అన్నాను. వై పాప మెల్లగా, ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ చెప్పింది: "నన్ను లోపలికి రానివ్వలేదు. అందుకే కిటికీ దగ్గర నిలబడ్డాను. నాకు అన్నీ కనపడుతున్నాయి. నేను అన్నీ రాస్తున్నాను."

నా ద్వారములూ కలములూ చెత్తబుట్టలో పడ్డాయి. నాటిక మొత్తం వాళ్ళ మాటల్లోనే రాసుకున్నాం. ఒక్క సవరణ మాత్రం వై పాప పట్టుబట్టి చేయించింది. చివర్లో కథ చెప్పే మాటల్లో పేపరమ్మకి 'రాసింది' వద్దు, 'రాశారు' కావాలి. "షి ఈజ్ నాట్ ఎ డాగ్, టీచర్."

ఇంతవరకూ బాగానే ఉంది. రెండు వారాల తర్వాత ఆదివారం సెక్రటరీ ఆంటీ వాళ్ళింట్లోనే కార్యక్రమం మీటింగు. పెద్దవాళ్ళంతా హాల్లో, పిల్లలు ప్లేట్లు పట్టుకుని అటూ ఇటూ. సంఘానికి ప్రెసిడెంట్ ఒకాయన, చాలా మెత్తని మనిషి. అన్ని మాటలూ 'పాజిటివ్‌గా' అనేదాంతో మొదలుపెట్టేవారు. నా నాటిక సంగతి విని మొహం చిన్నబుచ్చుకున్నారు.

"పాజిటివ్‌గా ఆలోచిద్దాం అమ్మా. వాళ్ళ గొడవలు మనకెందుకు? మనమంతా వీసాల మీద ఉన్నవాళ్ళం. చూసేవాళ్ళేమనుకుంటారు? పేపర్ అంటున్నావు కదా, పేపర్ రీసైక్లింగ్ మీద చేయండి. మంచి మెసేజ్."

నేను నోరు తెరిచాను. ఆ నోట్లోంచి కోపం రావాల్సింది. "సరే సర్, పేపర్ మీదే చేస్తాం" అని వచ్చింది. (ఆయన దాన్ని రీసైక్లింగ్ అనే అర్థం చేసుకుని, ప్రోగ్రామ్ షీట్ మీద 'పేపరమ్మ, పర్యావరణ నాటిక' అని అచ్చేయించారు. నేను సరిదిద్దలేదు. అదొక్కటే నేను ఆ వ్యవహారంలో చేసిన తెలివైన పని.)

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. సెక్రటరీ ఆంటీ డ్రెస్సుల లిస్టు చదువుతూ, "మేకప్ అంతా నాకొదిలెయ్యండి. పేపరమ్మ వేషానికి నల్లరంగు డబ్బా ఆర్డర్ చేద్దామనుకున్నా" అని, అక్కడే గులాబ్‌జామ్ తింటున్న వై పాప వైపు చూసి, "కానీ ఈ బంగారుతల్లికి రంగు కూడా అక్కర్లేదు, కలిసొచ్చింది!" అంది. ఆవిడ ముద్దుగానే అంది. బుగ్గ కూడా గిల్లింది. హాలంతా నవ్వింది.

నేనూ నవ్వాను.

పెద్దగా కాదు. 'పర్లేదండీ' నవ్వు, నాకు అలవాటైన నవ్వు. వై పాప చెమ్చా ప్లేట్లో పెట్టి, అందరి మొహాలూ వరసగా చూసింది. నా మొహం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. తర్వాత ప్లేటు తీసుకుని వెళ్ళి సింకులో పెట్టి వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. ఆ మధ్యాహ్నమంతా ఇంక ఒక్క 'వై' కూడా వినబడలేదు.

కిందకి దిగి బేస్‌మెంట్ తలుపేసుకున్నాక నా కోపం తీరిగ్గా వచ్చింది. ఆంటీ మీద, ప్రెసిడెంట్ గారి మీద, గులాబ్‌జామ్ మీద. ఫోను తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో, రెండొందల మంది చూసేలా, తెలుగు కీబోర్డు మీద ఆవేశంగా కొట్టాను. ఒక గొప్ప మహిళ కథని చెత్తకాగితాల కథ చెయ్యమనడం, పిల్లల రంగు మీద జోకులేసుకోవడం దారుణం అనాలని నా ఉద్దేశం. కానీ ముందుగా ఒక గంభీరమైన వాక్యం పడితే బావుంటుందని, అది కొట్టి పంపించి, రెండోది కొట్టడం మొదలుపెట్టాను. నేను రాయాలనుకున్నది 'ఈ రోజు మీటింగులో జరిగినదానికి నా తీవ్ర నిరసన తెలియజేస్తున్నాను' అని. ఆ ఫోను, దాని కడుపు మాడ, 'నిరసన'ని తన ఇష్టమొచ్చినట్టు దిద్దింది. గ్రూపులో పడింది ఇది: 'ఈ రోజు మీటింగులో జరిగినదానికి నా తీవ్ర నీరసం తెలియజేస్తున్నాను.'

రెండో వాక్యం పూర్తయ్యేలోపే జవాబులు మొదలయ్యాయి. 'అయ్యో, రెస్ట్ తీసుకో అమ్మా.' 'మీటింగు మరీ లెంగ్తీ అయింది, నాకూ సేమ్ ఫీలింగ్.' 'బి ట్వెల్వ్ చెక్ చేయించుకో, మా ఆడపడుచుకీ ఇలాగే మొదలైంది.' ప్రెసిడెంట్ గారు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, 'పాజిటివ్‌గా ఉండు తల్లీ' అన్నారు. ఇంతలో మెట్ల మీద చప్పుడు. సెక్రటరీ ఆంటీ ఒక చేత్తో మజ్జిగ గ్లాసు, ఇంకో చేత్తో మిరియాల చారు పట్టుకుని కంగారుగా దిగింది. "పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా అసలు? పిచ్చిపిల్లా!" అని నుదుటి మీద చెయ్యేసింది. నేను పంపబోయిన రెండో వాక్యం ఫోనులో అలాగే ఉంది. అందులో ఆవిడ పేరుంది. చారు తాగాను. వాక్యం చెరిపేశాను. చారు చాలా బావుంది, అదింకా కోపం.

తర్వాతి ఆదివారం వై పాప రాలేదు. వాళ్ళమ్మ ఫోన్ చేసింది. కరీంనగర్ ఆవిడ, హాస్పిటల్‌లో నర్సు. "మా బిడ్డ రానంటుంది టీచర్. ఏమైందే అంటే చెప్తలేదు. రూములకెళ్ళి బయటికి వస్తలేదు. మీరేమన్నా అన్నరా?" అంది. ఏమీ అనకపోవడమే నేను చేసిన పని అని ఫోనులో ఎలా చెప్పను? క్లాసవ్వగానే వాళ్ళింటికి వెళ్ళాను.

వై పాప డ్రైవ్‌వే మీద కూర్చుని చాక్‌తో ఏదో గీస్తోంది. నన్ను చూసి పక్కకి జరిగింది, కూర్చోమని కాబోలు అనుకుని కూర్చున్నాను.

"ఆంటీ అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను.

అది తలెత్తలేదు. "ఆంటీ ఎవ్రీ టైమ్ అలాగే అంటుంది. మీరు కూడా నవ్వారు టీచర్."

"అవును, నవ్వాను" అన్నాను.

"వై?"

ఆ పిల్ల అడిగిన అన్ని 'వై'లకీ నేను ఏదో ఒకటి కల్పించి చెప్పాను. దీనికి మాత్రం కల్పించబుద్ధి కాలేదు. "భయమేసింది" అన్నాను.

"ఆంటీ అంటే భయమా?"

"ఆవిడ ఇంట్లోనే కదా నేనుండేది. కోపమొస్తే ఖాళీ చెయ్యమంటారేమోనని."

వై పాప చాక్ కింద పెట్టి చేతులు దులుపుకుంది. తర్వాత, ఏ ఎత్తిపొడుపూ లేకుండా, ఊరికే గుర్తొచ్చినట్టు, "పేపరమ్మ ఇల్లు కూడా పోయింది కదా టీచర్" అంది.

ఆ డ్రైవ్‌వే రెండుగా చీలి నన్ను లోపలికి లాక్కుంటే బావుండుననిపించింది. ఆ కథ చెప్పి పిల్లలకి ఏదో నేర్పేస్తున్నానని నెల రోజులుగా ఛాతీ విరుచుకుని తిరుగుతున్నది నేను. ఆ కథ నిజంగా విన్నది మాత్రం ఈ పిల్ల.

"నీకు ఆ వేషం ఇష్టం లేకపోతే ఇంకెవరిచేతైనా వేయిద్దాం" అన్నాను. అది చివ్వున లేచింది. "నో! నేనే వేస్తాను. నా కలర్ కోసం కాదు. అందరికంటే నేనే బాగా యాక్ట్ చేస్తాను." అది గొప్పలు కాదు, పచ్చి నిజం.

ఆ సాయంత్రం ఆంటీ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. నేను మెట్లెక్కి వెళ్ళి నిలబడ్డాను. ఊతంగా ఫ్రిజ్‌ని పట్టుకున్నాను.

"ఆంటీ, ఆ రోజు పాపని అలా అనడం తప్పు. నల్లరంగు పూయడం కూడా తప్పు. ఈ దేశంలో ఒకప్పుడు తెల్లవాళ్ళు మొహాలకి నల్లరంగు పూసుకుని స్టేజీలెక్కి నల్లవాళ్ళని వెక్కిరించేవాళ్ళు. ఆ డబ్బా మన స్టేజీ దగ్గరికి రాకూడదు."

"ఏమన్నానే తల్లీ, సరదాకి అన్నాను! నా కూతురి లాంటిది."

"నన్ను కూడా మా బళ్ళో సరదాకే అన్నారు ఆంటీ. నాలుగో క్లాసులో భరతమాత వేషం కోసం డైలాగులన్నీ నేర్చుకున్నాను. మా టీచరు 'నువ్వొద్దులే, ఫోటోలో పడవు' అని ఇంకో అమ్మాయిని నిలబెట్టి, నన్ను వెనకాల జెండా కర్ర పట్టుకోమంది. అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. ఆవిడా నన్ను కూతురి లాంటిదనే అంది." నేను గోడ వైపు చెయ్యి చూపించాను. "అప్పటి నుంచి ఇప్పటిదాకా ఏ ఫోటోలోనూ నేను ముందు వరసలో లేను. మీరు చూసుకోండి, మీ గోడ మీదున్న ఉగాది ఫోటోలో కూడా."

ఆంటీ నిజంగానే గోడ వైపు చూసింది. తర్వాత మొహం ఎర్రబడింది. "నా ఇంట్లో ఉంటూ నాకే నీతులు చెప్తున్నావా? అన్నం పెట్టిన చేతిని... సరే. నెలాఖరుకి వేరే రూము చూసుకో." కత్తిపీట మీద ఉల్లిపాయ పటపటా తెగింది. నేను కిందకి దిగాను. ఏడుపొచ్చింది. కానీ విచిత్రం, అన్నేళ్ళలో మొదటిసారి ఆకలి కూడా బాగా వేసింది. (పైనుంచి ఏమీ రాలేదు. ఫ్రిజ్‌లో ఒక ఆపిల్ ఉంటే తిన్నాను.)

వార్షికోత్సవం రోజు మా నాటికని అన్నిటికంటే చివర పెట్టారు, భోజనాలకి ముందు. కమ్యూనిటీ సెంటర్ పెద్ద హాల్లో నాలుగొందల మంది. వెనకాల వరసగా గిన్నెలు, బిర్యానీ వాసన. సెక్రటరీ ఆంటీ గరిటె పట్టుకుని వడ్డన దగ్గర నిలబడింది. రెండు వారాలుగా ఆవిడ నాతో మాట్లాడలేదు. నల్లరంగు డబ్బా మాత్రం ఎక్కడా కనబడలేదు. నేను కర్టెన్ పక్కన, ఎవరైనా డైలాగు మర్చిపోతే అందించడానికి కాగితాలతో నిలబడ్డాను.

వై పాప పొడుగు గౌను, టోపీ పెట్టుకుని, ఆపిల్ పెట్టె బదులు మాకు దొరికిన పాలసీసాల ప్లాస్టిక్ పెట్టె ఎక్కింది. ముందున్నది అట్టతో చేసిన కోర్టు కిటికీ. "నన్ను లోపలికి రానివ్వలేదు" అని మొదలుపెట్టింది. మొదటి వరసలో రీసైక్లింగ్ కోసం ఎదురుచూస్తున్న ప్రెసిడెంట్ గారు ప్రోగ్రామ్ షీట్ ఒకసారి, స్టేజీ ఒకసారి చూశారు. ఉరి సంగతి వచ్చేసరికి లేచి మైకు దగ్గరికి నడిచారు. సరిగ్గా ముగ్గురు పిల్లలు అట్ట మెషీన్‌ని కాళ్ళతో తన్నుతుండగా, స్పీకర్లలో ఆయన మెత్తని గొంతు వినబడింది: "అందరికీ విజ్ఞప్తి. భోజనాలు రెడీ. ముందుగా సీనియర్ సిటిజన్స్ దయచేయండి."

కుర్చీలు కదిలాయి. సగం హాలు లేచింది. స్టేజీ మీద పిల్లలు ఎటు పోవాలో తెలియక ఆగిపోయారు. నేను కాగితాల్లో వెతుకుతున్నాను, ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో అందులో రాసుకున్నట్టు.

"కూర్చోండి."

ఎవరూ వినలేదు. వై పాప పెట్టె మీద ఇంకాస్త నిటారుగా నిలబడింది. మైకు అక్కర్లేని గొంతుతో మళ్ళీ అంది. "కూర్చోండి! పేపరమ్మ గారి కథ ఇంకా అవ్వలేదు."

నాటికలో ఆ డైలాగు లేదు. లేచినవాళ్ళు లేచినట్టే ఆగారు. అప్పుడు హాలు చివర ఠంగుమని చప్పుడైంది. సెక్రటరీ ఆంటీ బిర్యానీ గిన్నె మీద మూత పెట్టేసింది. "పిల్ల చెప్తోంది వినపడలా? ముందు కూర్చోండి. అయ్యేదాకా మూత తియ్యను!" అని గరిటె ఊపింది. ప్రెసిడెంట్ గారితో సహా అందరూ కూర్చున్నారు.

"వాళ్ళు మెషీన్ విరగ్గొట్టారు" అంది వై పాప. "ఇల్లు కాల్చేశారు. ఆవిడ వేరే ఊరు వెళ్ళారు. మళ్ళీ రాశారు."

చప్పట్లు వెంటనే రాలేదు. వచ్చాక చాలాసేపు ఆగలేదు.

ఆంటీ నాకు క్షమాపణ చెప్పలేదు, నేను అడగలేదు. నెలాఖరుకి నేను ఖాళీ చేసి పక్క ఊరు హెర్న్‌డన్‌లో ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి అపార్ట్‌మెంట్‌లోకి మారిపోయాను. సామాను కార్‌లో పెడుతుంటే ఆవిడ మాట్లాడకుండా వచ్చి గోంగూర పచ్చడి సీసా వెనక సీట్లో పెట్టి, మాట్లాడకుండానే వెళ్ళిపోయింది.

వార్షికోత్సవం రోజు, అంతా అయ్యాక హాలు సర్దుతుంటే ఆ భవనం చూసుకునే సూపర్‌వైజర్ వచ్చాడు. అరవై దాటిన నల్లజాతి పెద్దాయన. అన్నేసి ఆదివారాలు మాకు తలుపు తీసిపెట్టినా, ఆయనతో నేను 'గుడ్ మార్నింగ్' తప్ప ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు. ఆయన వై పాప దగ్గర ఆగి, "మీ భాష నాకు రాదు గానీ, నువ్వు వాళ్ళని కూర్చోమన్నావు కదూ?" అని ఇంగ్లిష్‌లో అడిగాడు. అది అవునంది. ఎవరి కథ అని అడిగాడు. పేరు చెప్పి, ఊరు చెప్పి, కిటికీ, పెట్టె, మెషీను అన్నీ చెప్పింది. ఆయన ఆ పేరుని నెమ్మదిగా ఒకసారి పలికాడు. "నేను పుట్టి పెరిగింది ఇక్కడే. మా బళ్ళో ఎవరూ చెప్పలేదు" అన్నాడు. మడత కుర్చీలు రెండు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు ఈనాటికీ కోపమొచ్చే మాటల్లో అదొకటి. ఆ కోపాన్ని మాత్రం చల్లారనివ్వను.

ఇన్నేళ్ళయ్యాక ఆ ఇరవై అయిదేళ్ళ పిల్లని తలుచుకుంటాను. ఆ హాల్లో నవ్విన నవ్వుకి దాన్ని ఇంకా పూర్తిగా క్షమించలేదు. కానీ ఆ నాటిక వీడియో ఎవరో తీశారు, అప్పుడప్పుడూ చూస్తుంటాను. అందులో ఒక మూల, కర్టెన్ పక్కన, నేను కొంచెం కనబడతాను. ముక్కు ఎర్రగా, కళ్ళనిండా నీళ్ళు, పెదాలు మాత్రం పిల్లలతో పాటు ప్రతి మాటా పలుకుతుంటాయి. చేతిలో ఉన్న కాగితాలు తలకిందులుగా ఉన్నాయి.